ఒర్రని టైర్లు

కుక్కర్ కూత పెడితే నేను ఇప్పటికీ వెంటనే స్టవ్ దగ్గరికి వెళ్లలేను. ముందుగది వైపు చెవి పెట్టి ఒక్క క్షణం నిలబడతాను. అక్కడి నుంచి మా ఆయన గొంతు రావాలి. "టీచరమ్మా, నీ టైర్లు పిలుస్తున్నయి." ఆ మాటకు విసుక్కోని రోజు లేదు. ఇప్పుడు ఆ విసుగే కావాలనిపిస్తుంది. టైర్లకూ కుక్కర్‌కూ సంబంధం ఏమిటో తెలియాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

ఆయనకు మెదక్‌లో బ్యాటరీల దుకాణం, నాకు కుల్చారంలో బడి ఉద్యోగం. పిల్లల చదువులు ఒక ఒడ్డుకు చేరాక ఆయన సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎర్ర కారు కొన్నాడు. చిన్నదే గానీ కాలు ఆనిస్తే చాలు, ముందుకు దూకేది. ఈ వయసులో ఇదేం షోకు అని మా వాడకట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆదివారం పొద్దున నర్సాపూర్ అడవిరోడ్డు మీద ఆయన దాన్ని తిప్పుతుంటే మాత్రం నోరు మూసుకుని పక్కన కూర్చునేదాన్ని. స్టీరింగ్ పట్టుకుంటే మనిషి మొహం అంత బాగుండేది.

టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు గొడవ మొదలైంది. ఆయనకు బాగా మెత్తటి రబ్బరుతో చేసినవే కావాలి. రోడ్డును పట్టుకుంటే వదలవట, తొందరగా అరిగితే అరగనీ అనేవాడు. నేను ఇంటర్నెట్‌లో చదివీ చదివీ ఇంకో రకం చూసిపెట్టాను. పట్టుకు పట్టూ ఉంటుంది, చప్పుడూ తక్కువ. పిల్లల పేపర్లు దిద్దినట్టు రెండింటికీ మార్కులు వేసి చూపించాను. మార్కులు వేసేది నువ్వు కాదు, రోడ్డు అన్నాడు. ఎవరూ తగ్గలేదు. చివరికి రెండు సెట్లూ ఇంటికొచ్చాయి. ఇంత దండగ ఏ ఇంట్లోనైనా చేస్తారా అంటే, మా ఇంట్లో చేశాం.

పరీక్షకు నియమాలు ఆయనే పెట్టాడు. రోడ్డు ఒకటే, టైర్లలో గాలి ఒకటే, వేగం ఒకటే. అడవి మొదలయ్యాక ఒక పెద్ద మలుపు ఉంది. అక్కడ ఏ టైర్లు కూత పెడితే అవి ఓడినట్టు. వినడం నా పని. మీటరు చూస్తే పక్షపాతం చూపిస్తానని నన్ను కళ్లు మూసుకోమన్నాడు. ముందు ఆయన టైర్లతో పోయాం. మలుపులో నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఇంత వేగం మనిషికి ఒక పట్టింపు ఉండేది. ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా, సీలింగ్ ఫ్యాన్ అయినా సరే, పసుపు రాసి బొట్టు పెట్టందే వాడనిచ్చేవాడు కాదు. నా టైర్లను షాపుకు తీసుకుపోయే ముందు వాకిట్లో పరిచి తనే కూర్చుని పసుపు రాశాడు. ఒక వైపు పెద్ద పెద్ద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. వాటి మీద పసుపు కుదురుగా రాదని, సాదాగా ఉన్న వైపు పైకి తిప్పి, గడపకు రాసినంత మందంగా పూశాడు. కుంకుమ బొట్లు వరసగా పెట్టాడు. ఓడిపోవాలని కోరుకునే టైర్లకు ఇంత మర్యాద ఎందుకని అడిగాను. పోటీ వేరు, పూజ వేరు అన్నాడు.

ఆ ఆదివారం అదే మలుపులో నా టైర్లు గొంతు చించుకుని ఒర్రాయి. కళ్లు మూసుకునే ఉన్నాను గానీ చెవులు మూసుకోలేను కదా. ఆయన కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల ఆనించి మరీ నవ్వాడు.

"గివి టైర్లా, కుక్కర్లా?"

ఎండకు తారు మెత్తబడింది, అందుకే అని నేను వాదించాను. చల్లటి పొద్దున మళ్లీ పరీక్ష పెట్టాల్సిందే అన్నాను. ఓడినవాళ్ల మాట అట్లనే ఉంటదని ఆయన ఏడిపించాడు గానీ కాదనలేదు.

"దసరా సెలవులు రానీ, మళ్లొకసారి చూద్దాం. గప్పుడు గూడ ఒర్రితే ఒప్పుకోవాలె."

అప్పటిదాకా ఆయన టైర్లే కారుకు, నావి పాత దుప్పటి కప్పుకుని మెట్ల కిందికి. ఆ రోజు నుంచి కుక్కర్ కూసినప్పుడల్లా నాకు పిలుపు వచ్చేది.

దసరా రాకముందే ఆయన పోయాడు. దుకాణంలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. దవాఖాన దాకా కూడా ఆగలేదు.

కారు అమ్మేయమన్నారు. నాకు నడపడం నేర్పింది ఆయనే, అమ్మనన్నాను. కానీ కొన్నేళ్లు ముట్టుకోలేకపోయాను. నిలబెట్టిన చోటే నిలబడి ఆయన టైర్లు ఎండి పగుళ్లు పట్టాయి. ఈ ఏడు వానలు తగ్గాక మెట్ల కింద నుంచి నావి బయటికి తీశాను. పసుపు ఎండి పొలుసులు కట్టింది. ఒకచోట ఆయన వేలి గీతలు అట్లాగే ఉన్నాయి. ఆ పసుపు తుడవడానికి చేతులు రాలేదు. చాలాసేపు కూర్చుని, తర్వాత తడిబట్ట తీసుకున్నాను.

పసుపు కింద చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. ఈ వైపు లోపలికి ఉండాలి అని. నాలుగింటికీ అదే.

ఆ రకం టైరుకు రెండు వైపులూ ఒకటి కాదు. మలుపులో బరువు మోసే గట్టి అంచు బయటికి ఉండాలి. చదివినప్పుడు నా కంట పడిన సంగతే, బిగించేవాళ్లు చూసుకుంటారులే అనుకున్నాను. ఆ ఆదివారం బొట్లన్నీ బయటికే కనిపించాయి. మేం పరీక్ష పెట్టింది తిరగేసి తొడిగిన టైర్లకు. అక్కడే తడి వాకిట్లో కూర్చుని నవ్వాను, ఆపుకోలేక ఏడ్చాను.

టైర్ల షాపాయన మా ఆయనకు దోస్తు. తీసుకుపోయి చూపిస్తే అక్షరాలను వేలితో తడిమి చూశాడు.

"పసుపు ఉన్న దిక్కే బయటికి పెట్టిన వదినా. బొట్టు పెట్టిన దిక్కు లోపటికి ఎట్ల పెడ్తం?"

ఆ చోట నేనున్నా అదే చేసేదాన్ని. కోపం రాలేదు. సరిగ్గా తొడిగించి, ఈసారి బొట్టు పెద్ద అక్షరాల మీదే పెట్టాను.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం పొద్దున, చల్లగా ఉన్నప్పుడు, ఒక్కదాన్నే బయల్దేరాను. అడవి మొదలైంది. అద్దాలు ఎక్కించి, ఆయన వేగమే పట్టుకుని మలుపు తిరిగాను. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇన్నరా?" అన్నాను పక్కకు తిరిగి.

ఎడమ సీట్లో నా హ్యాండ్‌బ్యాగ్ ఉంది. గెలిచిన సంతోషం ఎంత ఆపుకున్నానో, ఆ సీటు చూడగానే అంతా పోయింది. నాకు గెలుపు వద్దు. స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వే ఆ మనిషి కావాలి.

ముందుకు పోయి, ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక్కి వచ్చి అదే మలుపు మళ్లీ పట్టాను. ఈసారి ఇంకొంచెం వేగంగా. ఒక్కసారి ఒర్రండే అని టైర్లను బతిమాలుకున్నాను. ఓడిపోతాను, ఒప్పుకుంటాను, ఒక్కసారి ఒర్రండి.

ఒర్రలేదు. అంత మంచి టైర్లు అవి.