ఉస్తాద్ విప్పించిన అతుకులు

నాంపల్లిలో స్టీలు పైపుల పని చేసే మా ఉస్తాద్ గురువారం పొద్దున్న పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసి, "నాయిన పోయిండక్కా, దవాఖానలనే" అని చెప్పింది.

అబిడ్స్‌లో మేం బీరు కాచే చోట పైపులన్నీ ఆయన అమర్చినవే. రెండు పైపుల అంచుల మధ్య రబ్బరు రింగు పెట్టి, చుట్టూ స్టీలు క్లాంపు వేసి, చేత్తో తిప్పే నట్టుతో బిగిస్తారు. బిగించాక ఆయన వెంటనే లేచేవారు కాదు. అతుకు కింద పొడి కాగితం పరిచి చాయ్ తాగుతూ చూసేవారు. "కారేది మంచిదే బిడ్డా, చెప్తది. చెప్పకుంట ఊకున్నదాంతోనే ఫికర్" అనేవారు.

మా ప్రారంభోత్సవం ఒక ఆదివారం సాయంత్రం. పొద్దున్నే కాస్టిక్ సోడా కలిపిన మరిగే నీళ్లతో పైపులు కడుగుతున్నాం. నా ముఖం ఎత్తులో ఉన్న ఒక అతుకు నుంచి చుక్క జారింది. ఇంకాస్త బిగిద్దామని నట్టు మీద చెయ్యి వేశాను.

"ముట్టకు బిడ్డా. చెయ్యి తియ్." వెనక నుంచి ఉస్తాద్ గొంతు, చాలా మెల్లగా.

పంపు ఆపాను. లోపలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు దిగలేదు. అవతలి వాల్వు తెరుచుకోకుండా పట్టేసింది. పైపు సన్నగా వణుకుతోంది. అందరినీ మెట్ల దాకా పంపించి, ఆయన తడి గోనె అడ్డం పెట్టుకుని, కింద నీళ్లు వదిలే వాల్వును కొంచెం కొంచెంగా తిప్పారు. కాలువలోకి పొగలు కక్కుతూ నీళ్లు పడ్డాయి. ముల్లు సున్నాకి వచ్చేదాకా ఆయన వాల్వు వదల్లేదు.

చల్లారాక విప్పారు. రింగు ఉబ్బి ఒక పక్కకు తోసుకొచ్చింది. క్లాంపు కీలు దగ్గర వెంట్రుకంత పగులు, ఇంకాస్త బిగిస్తే విరిగి ఊడిపోయేది.

"ఈ రింగు ఎవరేసిన్రు?" అన్నాడు మా యజమాని.

"నేనే సార్. వేడికి ఆగే రకం రాలేదని నిన్న మామూలువి వేశాను. ఉస్తాద్‌కి చెప్పలేదు."

ఉస్తాద్ నా వైపు చూశారు. 

"సాయంత్రం గెస్టులు వస్తున్నరు. జర ఇదొక్కటి మార్చి నడిపియ్ ఉస్తాద్" అన్నాడు యజమాని.

"ఒక్కటి దొరికింది సార్. దొరకనియి ఎన్నున్నయో ఎవరికెరుక. అన్ని విప్పాలె."

"గెస్టులకేం చెప్పాలె?"

"పైపులు తయారు గాలేదని చెప్పున్రి. నేను నడపనియ్య."

యజమాని చాలాసేపు అటూ ఇటూ నడిచి, చివరికి ఫోన్ తీసి ఒక్కొక్కరికీ రావద్దని చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాకా ప్రతి అతుకూ విప్పాం. ఉబ్బిన రింగులు ఇంకో రెండు దొరికాయి. వాటి నుంచి ఒక్క చుక్క కూడా కారలేదు. ఉస్తాద్ అవి నా అరచేతిలో పెట్టి, "గివి యాదుంచుకో" అన్నారు. ఆ రోజు నన్ను మందలించింది అంతే. ఈ రోజు నా ముఖానికి కాలిన మచ్చ లేదంటే అది ఆయన పుణ్యమే.

తర్వాత ఆయన కనిపించకపోతే కిందికి దిగాను. ఫుట్‌పాత్ మీద ప్రతి ఆదివారం పెట్టే పాత పుస్తకాల బేరాలు జోరుగా సాగుతున్నాయి. ఆ జనం మధ్య, మెట్టు మీద కూర్చుని, పగిలిన క్లాంపును మోకాలి కింద అదిమిపెట్టి రంపంతో రెండుగా కోస్తున్నారు ఉస్తాద్, ఎవరూ మళ్లీ ఏరుకుని వాడకుండా.