చెరువు యాప్ మోగిన ఆదివారం

మా ఆయనకి ఫోనులో ఏ యాప్ తెరిచి ఉన్నా ఊపిరాడదు. బొటనవేలితో పైకి తోసి తోసి అన్నీ మూసేస్తేగానీ జేబులో పెట్టుకోరు. ఛార్జింగు మిగులుతుందట. ఆదివారం చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడిచాక మరీ శ్రద్ధగా తుడిచేసి, బైబిల్ యాప్ ఒక్కటే ఉంచేవారు. అది భక్తో పొదుపో నాకిప్పటికీ తెలీదు.

చిక్కంతా మా రొయ్యల చెరువుతో వచ్చింది. మొగల్తూరు దగ్గర మాకున్నది అదొక్కటే. కరెంటు పోయి, నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగితే నీళ్లలో గాలి చాలక రొయ్యలు చచ్చి తేలిపోతాయి. అందుకే కరెంటు పోగానే ఫోను మోగేలా ఒక యాప్ పెట్టించాం. ఈయన దాన్నీ తుడిచేసేవారు. తుడిచేస్తే అది మోగదు. ఆదివారం కాపలా అతను కూడా మాతోపాటే ఆరాధనకి వస్తాడు కాబట్టి చెరువు దగ్గర ఎవరూ ఉండరు. పైగా రొయ్య ఎదిగి పట్టుబడికి వచ్చింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పాటలు పాడేదాన్ని.

ఒక శనివారం పొద్దున్న నాకు ఒళ్లు మండి ఫోను లాక్కున్నాను.

"అది తెరిచుంచితే ఛార్జింగంతా తినేస్తుందే," అన్నారు.

బ్యాటరీ వాడకం చూపించే పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. చెరువు యాప్ ఎక్కడో అడుగున ఉంది. అందరికంటే పైన కూర్చున్నవి, జన్మలో వంటింట్లోకి రాని ఈ మనిషి చూసే వంటల వీడియోలు.

"తింటున్నది ఎవరో మీరే చూసుకోండి," అన్నాను.

వీడియోల యాపూ, షాపింగు యాపూ వెనకాల నడవకుండా ఆపేశాను. చెరువు యాప్‌కి మాత్రం బ్యాటరీ ఆంక్షలు తీసేసి, ఎంత తుడిచినా పోకుండా తాళం వేశాను. సాయంత్రానికి ఛార్జింగు సగానికి పైగా మిగిలింది. ఆయన రెండుసార్లు చూసుకున్నారు.

మర్నాడు చర్చి మెట్ల దగ్గర అలవాటుగా అన్నీ తుడిచారు. చెరువు యాప్ కదల్లేదు. మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తుండగా మగవాళ్ల వైపు నుంచి సైరన్ మోగింది. అందరూ కళ్లు తెరిచారు. ఆయనా, కాపలా అతనూ చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తారు. నేను వెనకే వెళ్లేసరికి జనరేటరు మీద ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. ఒక్క రొయ్యా తేలలేదు. గట్టుమీద నిలబడి గట్టిగా నవ్వేశాను.

పై ఆదివారం సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఆయన లేచి దేవుడికి స్తోత్రం చెప్పారు. కూర్చోబోతూ ఆగి ఆడవాళ్ల వైపు తిరిగారు.

"మా ఆవిడకి కూడానండి," అన్నారు.

అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే.