తీగల కరెంటు లేని రాత్రి

నవ్వుతె నవ్వుండ్రి. నేనైతె ఒక్క ముక్క కలిపి చెప్తలేను. నా మాట మీద నమ్మకం లేకుంటె జహంగీరన్నను అడుగుండ్రి... ఇప్పటికీ నకిరేకల్‌లనే ఉన్నడు. ఆయన సుత కండ్లార చూసిండు.

తొంభైలల్ల ముచ్చట. మా ఆయన యాదగిరి కరెంటు లైన్‌మన్. జహంగీరన్న ఆయన తోటి డ్యూటీ చేసేటోడు. నేను ఇంటి ముందర అర్రల ఒక పాత కంప్యూటర్ పెట్టుకొని తెలుగు టైపింగ్ చేస్తుంటి. హైదరాబాద్‌ల ఏదో ఆఫీసోల్లు వాడి వాడి అమ్ముకున్న డబ్బ అది. ఆన్ చేస్తె బుయ్య్... మని మూలుక్కుంట లేస్తది.

గా పొద్దు అది లేవనే లేదు. నల్ల తెర మీద రెండు ఇంగ్లీషు ముక్కలు... గంతే.

తెల్లారితె బడిపిల్లల పరీక్ష. ప్రశ్నపత్రాలన్నీ దాని కడుపులనే ఉన్నయ్. హెడ్‌మాస్టర్ సారు పొద్దుగాల్నే మనిషిని పంపుత అన్నడు. కొత్తగ దొరికిన పని. ఒక్కసారి మాట పోతె మల్ల మా గడప ఎవలు తొక్కుతరు?

ఆపరేటింగ్ సిస్టం కరాబైంది. పాత ఫైళ్లు పోకుంట పైనుంచే మల్ల ఎక్కియ్యొచ్చని కంప్యూటర్ నేర్చుకున్న కాడ చెప్పిర్రు. సీడీ పెట్టిన. కొంచెం దూరం మంచిగనే పోయింది. గప్పుడు తెర మీద ఒక డబ్బ వచ్చింది... సీడీ కవర్ మీది నంబరు కొట్టుమని. గది కరెక్టుగ కొడితెనే ముందటికి పోతది. లేకుంటె ఆడ్నే నిలవడ్తది.

కవర్ మీద నంబరైతె ఉన్నది. గని చేతులు తగిలి తగిలి సగం అలుక్కపోయింది. గది ఎనిమిదా, బీ అక్షరమా? గది ఆరా, జీ నా? ఒకటి కొట్టి చూసిన. తప్పు అన్నది. ఇంకోటి. తప్పు. మార్చి మార్చి కొట్టిన. తప్పు... తప్పు... వేళ్లు గుంజుతున్నయ్ గని అది ఒప్పుకుంటలేదు.

అంతల్నే గాలివాన. రేకుల మీద దడదడ సప్పుడు. కరెంటు వోయింది.

జర సేపటికి జహంగీరన్న తడుసుకుంట వచ్చిండు. "యాదగిరన్నా, మన బజారు మూల మీద తీగ తెగింది. జల్ది రా."

మా ఆయన బెల్టు, కటింగ్ ప్లేరు తీస్కొని బయలెల్లిండు. గడపల నిలవడి అన్నడు, "జహంగీరన్న సబ్‌స్టేషన్‌ల లైను బంద్ చేపిచ్చే వచ్చిండు. మేం పోల్ దిగి చెప్పేదాంక కరెంటు రాదు. నువ్వు ఫికర్ చేయకు, పండుకో."

ఎట్ల పండుకుంట? కందీలు దీపం పెట్టుకొని ఆ కవర్‌నే అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్న. లోపటి అర్రల అత్త పండుకున్నది. వాన తగ్గింది. చూరు నుంచి నీళ్లు... టప్... టప్... మని పడ్తున్నయ్.

గప్పుడు...

బుయ్య్...

నా ఎనుకనే. తిరిగి చూసిన. కంప్యూటర్ మీద పచ్చ లైటు. తెర మెల్లగ తెల్లవడ్తాంది.

నిజం చెప్త, నాకు గప్పుడు బుగులు కాలే. సంబురమైంది! కరెంటొచ్చింది, పని అయిపోయినట్టున్నది ఆయనకు, అనుకున్న. ట్యూబ్‌లైట్ ఎలగలే. వోల్టేజ్ తక్కువుంటె అది ఎలగదు, మా దిక్కు మామూలే. దబ్బున పోయి కూసున్న. మల్ల గదే డబ్బ, నంబరు అడుగుకుంట. ఈసారి ఆరు కాడ జీ కొట్టిన. ఎనిమిది ఎనిమిదే ఉంచిన.

ఒప్పుకున్నది!

"అత్తా, ఒప్పుకున్నది!" అని ఒర్లిన. నీలం పట్టీ మెల్లగ నిండుకుంట పోతాంది. లోపట గిర్రు గిర్రుమని సప్పుడు.

అత్త కండ్లు నలుపుకుంట వచ్చింది. తెర దిక్కు చూసింది. తలుపు తీసి బయటికి చూసింది. "గిదేందే పిల్లా... కరెంటేడొచ్చింది? బజారంత చీకటే ఉన్నది గద."

లేచి వంటింట్ల బల్బు స్విచ్చేసిన. ఎలగలే. ఆపి మల్లేసిన. ఎలగలే. ఎదురింట్ల కందీలు. పక్కింట్ల కందీలు. మా ఇంట్ల బ్యాటరీ లేదు, యూపీఎస్ లేదు. ప్లగ్గు గోడకు, గంతే. అయినా అది నడుస్తాంది... నీలం పట్టీ కదులుతాంది...

గప్పుడు తట్టింది నాకు.

కంప్యూటర్ నడుస్తాంది అంటె తీగల కరెంటున్నట్టు. ఏడికెల్లో బజారు తీగకు వస్తున్నట్టు. గా తీగను... ఆయన... ఉత్త చేతుల్తోటి...

చెప్పుల్లేకుంట ఉరికిన. బురద. రాళ్లు. ఏం కానొస్తలేదు. లైన్ బంద్ అయ్యిందనుకొని పోల్ ఎక్కి, మల్ల దిగనోళ్ల ఇండ్లకు నేను పోయి వచ్చిన. ఆ ఆడోళ్ల మొకాలు కండ్ల ముందర తిరుగుతున్నయ్. మూల మలిగిన. జహంగీరన్న కింద నిలవడి బ్యాటరీ లైటు పైకి కొడ్తున్నడు. పైన... మా ఆయన. కదుల్తలేడు. రెండు చేతులు తీగ మీదనే ఉన్నయ్.



"ఏమయ్యో! తీగ ఇడువూ! కరెంటున్నదీ!"

పైనుంచి ఉలుకు లేదు... పలుకు లేదు...

అటెన్క మెల్లగ తల కిందికి తిరిగింది. "ఏందే శారదా, గిట్ల ఒర్లుతున్నవు? నట్టు బిగిస్తున్న, ఆగు."

బురదలనే కూలవడ్డ. ఏడుపు ఆగలే. జహంగీరన్న పరేషాన్ అయ్యిండు. "ఏమైంది వదినా? లైను బంద్ ఉంది. తీగకు టెస్టర్ పెట్టి గూడ చూసినం." మా ఆయన గబగబ దిగి నా పక్కకు వచ్చి కూసున్నడు. ఆయన చేతులు రెండూ పట్టుకొని చూసిన. సల్లగ, తడిగ... మంచిగ ఉన్నయ్. ఇడువబుద్ధి కాలే.

నేను చెప్పింది విని ఆయన నవ్విండు. "కందీలు ఎలుగు తెర అద్దంల వడ్డదేమో నీకు."

"రా. చూద్దురా."

ముగ్గురం ఇంటికి పోయినం. అత్త గోడకు ఒరిగి నిలవడి ఉన్నది. కంప్యూటర్ నడుస్తనే ఉన్నది. ఆయన నవ్వు ఆగింది. జేబులకెల్లి టెస్టర్ తీసి ప్లగ్గు పక్క రంధ్రంల పెట్టిండు. టెస్టర్ ఎలగలే. ఇంకో రంధ్రంల పెట్టిండు. ఎలగలే. జహంగీరన్న మెల్లగ "యా అల్లా" అన్నడు. పట్టీ నిండింది. తెర మీద బొమ్మలన్నీ వరుసగ వచ్చినయ్... చిన్న పాట అసోంటిది మోగింది... గా చీకట్ల ఆ పాట ఇంట్ల నలుమూలలకు తాకినట్టయింది.

టుక్.

ఆగిపోయింది. తెర నడుమల ఒక తెల్ల చుక్క... గదీ పోయింది.

తెల్లారక ముందే కరెంటొచ్చింది. బటన్ ఒత్తిన. ఏ నంబరూ అడగలే. ప్రశ్నపత్రాలు ఒక్కటి పోకుంట ఉన్నయ్. సారు పంపిన మనిషి వచ్చేటాల్లకు ప్రింటు తీసి, కట్ట గట్టి చేతుల పెట్టిన.

అటెన్క ఆయన, జహంగీరన్న మస్తు ఆలోచన చేసిర్రు. ఎవలదన్న జనరేటర్ కరెంటు ఎనుకకొచ్చిందా అని ఇల్లిల్లు అడిగిర్రు. గట్లొస్తె గా తీగ పట్టుకున్న మనిషి ఉండడు గద! తీగల ఉన్నట్టా? ఉంటె ఆయన ఎట్ల బతికిండు? లేనట్టా? లేకుంటె అది దేని మీద నడిచింది? అది పట్నంల ఎవలి బల్ల మీద ఉండేనో, దాని ముందర ఎవలు కూసుండేటోళ్లో మాకు తెల్వదు. తెల్సుకోబుద్ధి గూడ కాలే.

ఇప్పటికీ కరెంటు వోయిన రాత్రి ఆయన అడుగుతడు, "శారదా, ఏం నడిపిచ్చిందే దాన్ని?"

"ఏమో," అంట. "ఏదైతేంది... నిన్నైతె ముట్టలే గద."