సీసాకి కాపలా

దేముడమ్మకి సింహాచలమ్మ అంటే కుళ్ళు. ఆవిడ ఒప్పుకునేది కాదు గానీ, రంగూన్‌లో వాళ్ళుండే ఆ మూడంతస్తుల ఇంట్లో అది తెలియనివాళ్ళు లేరు. పక్కపక్క గదులు, ఇద్దరి మొగుళ్ళదీ విశాఖపట్నం వైపే. ఇద్దరి పిల్లలకీ రెండేళ్ళు నిండినా కాళ్ళు నిలవలేదు, విల్లులా వంగిపోయాయి. అంతవరకూ దేముడమ్మకి నిబ్బరంగానే ఉండేది. కష్టం ఇద్దరిదీ అయినప్పుడు ఎవరినీ చూసి ఏడవక్కర్లేదు.

సింహాచలమ్మ మొగుడు ఆసుపత్రిలో వార్డు పని చేసేవాడు. 1928లో అక్కడ పనిచేసే కాకినాడ డాక్టరు ఒక ఊదారంగు దీపం తెప్పించాడు. ఆ వెలుగు తగిలితే నూనెలోని ఒక పదార్థం విటమిన్ డిగా మారుతుందట. అది రోజూ తాగిస్తే, తాగిన పాలలోని సున్నం ఎముకలకి పడుతుందట. సింహాచలమ్మ కొడుకు గోపాలం ఆ నూనె తాగి, వానలు వెళ్ళేలోగా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

నిలబడితే నిలబడ్డాడు. వాణ్ణి దేముడమ్మ గుమ్మం దాకా నడిపించుకొచ్చి, "పాపం, నీ గుంటకీ ఏదైనా సెయ్యకూడదా వొదినా" అంది సింహాచలమ్మ.

ఆ 'పాపం' వినగానే దేముడమ్మకి ఒళ్ళు భగ్గుమంది. నూనె అడగడానికి నోరు రాలేదు. దీపమే కావాలా, ఎండ చాలదా అనుకుని, నువ్వుల నూనె సీసా పట్టుకుని డాబా ఎక్కింది.

సీసాని ఎండలో వదిలి వెళ్తే సింహాచలమ్మ మార్చేస్తుందని అనుమానం. అందుకని తానే కాపలా కూర్చుంది. వంకర కాళ్ళు ఎవరి కంట పడినా దిష్టి తగులుతుందని, అంతవరకూ కూతురు తారని చీకటి గది దాటించేది కాదు. ఇప్పుడు ఒక్కదాన్నీ వదలలేక చంకనేసుకుని తెచ్చింది. అక్కడ పిల్ల చొక్కా లేకుండా, ఆరబోసిన ఎండుచేపల మధ్య పాకేది. చలికాలమంతా అలాగే గడిచింది. నూనె కంపుకొట్టింది. తార ఒక్క చుక్క మింగకుండా ఉమ్మేసింది. కానీ వేసవి వచ్చేసరికి, చేప ఎత్తుకుపోతున్న కాకిని తరుముతూ లేచి రెండడుగులు వేసింది.

దేముడమ్మ సీసాతో సహా పిల్లని తీసుకెళ్ళి డాక్టరుకి చూపించింది. ఆయన మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"ఇది పారబొయ్యమ్మా. ఎండలో విటమిన్ తయారుచేసే కిరణం గాజు దాటి లోపలికి పోదు. పిల్ల ఒంటి మీద ఎండ పడింది, విటమిన్ చర్మంలోనే తయారైంది. నా దీపమూ పగిలిపోయింది, కొత్తది ఓడలో ఎప్పుడొస్తుందో."

దీపం లేక నూనె ఆగిపోయింది. కొన్నాళ్ళకి గోపాలం మళ్ళీ కూలబడసాగాడు. సింహాచలమ్మ గుమ్మంలో నిలబడి, "నీ గుంటకి ఏటి పట్టించావు వొదినా?" అని అడిగింది.

"ఎండలో ఎట్టిన నూనె" అంది దేముడమ్మ. చెప్పాక మనసు హాయిగా ఉంది.

మర్నాడు డాబా మీద సింహాచలమ్మ ఒక్కతే సీసా ముందు కూర్చుని ఉంది. కింద చీకటి గదిలోంచి గోపాలం ఏడుపు వినిపిస్తోంది. దేముడమ్మ తారని ఎండలోకి వదిలి, ఆ ఏడుపుని చాలాసేపు తీరిగ్గా వింది. 'పాపం' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట తనని ఎంత కాల్చిందో గుర్తొచ్చి మింగేసింది. లేచి కిందికి వెళ్ళి, గోపాలాన్ని ఎత్తుకొచ్చి తల్లి ఒళ్ళో పడేసింది.

"సీసా కాదు వొదినా, ఎండ ఈడికి తగలాల. నిన్న నాను సెప్పింది అబద్ధం." తార వైపు చూసుకుని మళ్ళీ అంది, "మా గుంట కన్నా ముందు పరిగెట్టాడా, నానూరుకోను."