పేర్లు లేని నెమలి

ఆగస్టు పదకొండు, శనివారం. తిరుమలగిరి శ్మశానవాటికలో ఉన్నవారు: వెల్డర్ యాదగిరిగారి తమ్ముడు, అల్లుడు, ఆయన షాపులో పనిచేసే ఇద్దరు, మా బడిలో చదివి ఇప్పుడు బేగంపేట సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఉన్న నలుగురు, నేను.

యాదగిరిగారు ముందురోజు పనిలో ఉండగానే గుండె ఆగి పోయారని ఆ నలుగురిలో ఒకరు ఫోను చేశారు. రిసీవరు పెట్టేయడం కూడా తోచలేదు. ఆయనకు నేనొక క్షమాపణ బాకీ. పదేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చాను.

బడిలో కంప్యూటర్ గది కట్టిన ఏడాది, దాని ముందు ఏదైనా విగ్రహం ఉండాలని యాజమాన్యం అంది. హెడ్మాస్టరుగా నేనే ఆయన్ని పిలిచాను. గేట్లు, కిటికీ చువ్వలు చేసే మనిషి. నెమలి చేస్తానన్నారు. పిల్లలు తలా ఒక పాత స్టీలు పళ్ళెమో గిన్నెమూతో ఇంటినుంచి తెస్తే చాలన్నారు.

నెల రోజులు సాయంత్రాలు రేకుల షెడ్డులో పని. కోత, వెల్డింగు ఆయనవి. ఇసుక సంచిమీద పళ్ళెం పెట్టి ఈకలా వంచే పని మాత్రం పిల్లలది. ఎవరైనా ఊపుగా బాదితే, "పళ్ళెం నీకేం చేసిందిరా? లెక్కల సారనుకున్నవా? జెర ముద్దుగ కొట్టు" అనేవారు. లెక్కలు చెప్పేది నేనే.

పాత్రల మీద పేర్లు కొట్టించడం మన ఇళ్ళలో అలవాటు. చుక్కలు చుక్కలుగా తాతల పేర్లు, నానమ్మల పేర్లు, పెళ్ళి తేదీలు. వాటిని ఆయన కావాలనే పైకి కనబడేలా అతికారు.

ఆవిష్కరణకు ముందురోజు ఒక పెద్దమనిషి వచ్చి, తన తండ్రి పేరు నెమలి కాలిమీద పడిందని గొడవ చేశారు. తలమీద ఎవరి పేరు, ఎందుకని మరొకరు. యాజమాన్యం నన్ను మందలించింది. అందరికీ సమానంగా ఉంటుందని, పేర్లన్నీ గ్రైండరుతో తీసేయమన్నాను.

యాదగిరిగారు మెల్లగా, "పేర్లున్నయి గాబట్టే అది పిల్లలది సార్. తీసేస్తే నాదయితది. నాదెందుకు?" అన్నారు. కాళ్ళకు కొత్త రేకులు వేస్తానని బతిమాలారు. టైము లేదన్నాను. చీకటి పడేలోగా నెమలి తళతళలాడింది.

బడికి ఇంకెన్ని విగ్రహాలైనా రావచ్చు. పిల్లల చేతికి సుత్తి ఇచ్చి తాను పక్కన నిలబడే మనిషి మాత్రం ఇక రాడు. ఆయనకు చేతులు జోడించే ముందు ఆవిష్కరణ రోజు సంగతి చెప్పాలి.

ఉదయాన్నే ఏడో తరగతి సరిత అల్వాల్ నుంచి నానమ్మను బస్సులో తీసుకొచ్చింది, పింఛంలో ఆమె పేరు చూపించాలని. ఇద్దరూ నెమలి చుట్టూ రెండుసార్లు తిరిగారు. సరిత నా వైపు చూసింది. నేను పూలదండలు సర్దుతున్నట్టు నిలబడ్డాను. యాదగిరిగారు ముందుకొచ్చి, "నాదే తప్పు బిడ్డా. మెరవాలని గ్రైండర్ పెట్టిన" అన్నారు.

"నా పెండ్లి పళ్ళెం గదయ్యా. ఏడుండె?" అంది పెద్దావిడ.

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఎడమవైపు మూడో ఈకమీద పెట్టారు. నున్నటి రేకుమీద ఆమె వేళ్ళు కాసేపు తడిమాయి. సరిత ఆయన ముఖం చూడకుండా దాటుకుని పక్కకు వెళ్ళి నిలబడింది. గేటు దగ్గర ముఖ్య అతిథి కారు ఆగింది. నేను దండ తీసుకుని అటు నడిచాను.