రెండో సీసా నూనె

ఏ కారణమూ లేకుండానే ఆ ఏడాది నన్ను దిగులు పట్టుకుంది. ఇందుకూరుపేటలోని ఆయుర్వేద వైద్యుడు తలకు నూనె ఇచ్చి, "నీ చేత్తో నువ్వే పెట్టుకోబాకమ్మా, ఇంకొకరి చేత మర్దన చేయించుకో" అన్నారు.

మా ఆయన పొద్దున్నే రొయ్యల గుంటలకు వెళ్లిపోతారు. మొహమాటపడుతూనే పక్కింటి అక్కను అడిగాను. ఆమె రోజూ నమాజు చేసుకుని వచ్చి, "ఏందమ్మే, ఇది తలా, గడ్డివామా?" అంటూ మాడుకు నూనె అద్దేది. పదో రోజున నాకు నవ్వొచ్చింది.

సీసాతోపాటు దిగులూ అయిపోయింది. ఇక ఆమె రాదేమోనని భయమేసి రెండో సీసా తెచ్చాను.

"ఇంకా తగ్గలేదా?"

"కొంచెం ఉందక్కా."

"అబద్ధాలు చాల్లే. నూనె వెచ్చబెట్టు."

ఆ సాయంత్రం దీపం పెట్టి, నా అబద్ధం దేవుడికి చెప్పుకున్నాను. ఆయన కోపగించుకోలేదనుకుంటాను. మర్నాడు కూడా అక్క వచ్చింది.