ఆవిడ తినడం నేను చూడలేదు

మా ఆవిడ బరువు తగ్గుతుంటే నేను సంతోషించాను. ఆ సంతోషం గురించి రాయడమే ఇప్పుడు కష్టంగా ఉంది.

ఆవిడకి షుగర్ ఉందని తెలిశాక ఇంట్లో తిండి వ్యవహారమంతా నేను చేతిలోకి తీసుకున్నాను. నెయ్యి మాన్పించాను. రాత్రిపూట అన్నం బదులు పుల్కాలన్నాను. ప్రతి ఆదివారం ఆవిడని కాటా మీద నిలబెట్టి బరువు డైరీలో రాసుకునేవాణ్ణి. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగమంతా కాలవల నీటిమట్టాలు రాసినవాణ్ణి, రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆవిడ చెప్పులు విడిచి కాటా ఎక్కి, "ఎంతొచ్చిందండీ?" అని అడిగేది. పెరిగితే నేను మాట్లాడేవాణ్ణి కాదు. ఆవిడే ఏదో తప్పు చేసినదానిలా దిగిపోయేది.

కొన్నాళ్లకి అంకె దిగడం మొదలైంది. ఇక ఆగలేదు.

కొవ్వూరులో మా మరదలి గృహప్రవేశానికి వెళితే చుట్టాలందరి కళ్లూ ఆవిడ మీదే. "ఏంటి బావగారూ, మా అక్కని సగం చేసేశారు?" అంది మరదలు.

"సగం కాలేదమ్మా. ఇంకో నాలుగు కిలోల పని మిగిలుంది," అన్నాను. అందరూ నవ్వారు. అడిగినవాళ్లకి నా పద్ధతి వివరంగా చెప్పాను కూడా.

కాసేపయ్యాక మరదలు నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది. "పులిహోరలో ఉప్పు వేశానా అని అక్క పదేపదే అడుగుతోంది బావగారూ. పథ్యమని కడుపు మాడ్చి ఇలా మతి నిలవట్లేదేమో చూసుకోండి."

"ఆ వయసొస్తే నువ్వూ అడుగుతావులే," అని కొట్టిపారేశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం, నేను భోంచేసి చెయ్యి కడుక్కుని వరండాలో పేపరు చదువుకుంటున్నాను. ఆవిడ వచ్చి, "రండి, అన్నం చల్లారిపోతోంది," అంది. లోపలికి వెళితే నా పీట ముందు మళ్లీ కంచం పెట్టి ఉంది. పప్పు వడ్డించి ఉంది. అప్పుడు గాని నాకు భయం పుట్టలేదు.

రాజమండ్రిలో డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి అల్జీమర్స్ మొదలైనట్టుందన్నారు. బరువు సంగతి అడిగితే నా డైరీ తీసి ముందు పెట్టాను. ఆయన పేజీలు తిప్పి, "చక్కగా రాశారు. మరి ఆవిడ నిన్న మధ్యాహ్నం ఎంత తిన్నారండీ?" అన్నారు.

నాకు తెలియదు.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ నాకు వడ్డించి, నేను లేచాకే తినేది. మా అమ్మా అలాగే తినేది. కాబట్టి అందులో చూడవలసింది ఏదీ ఉందనుకోలేదు. ఆ వేళకి నేను వరండాలో ఉండేవాణ్ణి. లోపల ఆవిడ తిన్నదో, తిన్నాననుకుని కంచం కడిగేసుకున్నదో ఎవరికి తెలుసు?

"తింటానండి, ఎందుకు తినను?" అంది ఆవిడ. నేను సాక్ష్యం చెబుతానన్నట్టు నా వైపు చూసింది. నేను బల్ల మీది డైరీ మూసేశాను.

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. "కొవ్వంటే ఊరికే పేరుకున్న బరువు కాదండి. లెప్టిన్ లాంటి హార్మోన్లు అందులోంచే వస్తాయి. కడుపు నిండిందా లేదా అన్న కబురు మెదడుకి అందించేది ఆ లెప్టినే. జ్ఞాపకాలు నిలిచే చోట కూడా దానికి పనుందంటున్నారు. నడివయసులో మరీ లావైతే ఒక ఇబ్బంది, పెద్దవయసులో ఇలా చిక్కిపోతే ఇంకో ఇబ్బంది. ఈ హార్మోన్లకీ ఈ జబ్బుకీ సంబంధం ఎంతన్నది ఇంకా తేలలేదు."

"నా పథ్యం వల్లే వచ్చిందాండీ?"

"అలా అనలేం. జబ్బే ముందొచ్చి తిండి మీద ధ్యాస పోగొట్టి ఉండొచ్చు. ఇకమీదట మాత్రం తగ్గనివ్వకండి."

ఆయన నన్ను తప్పుపట్టలేదు. అయినా నాకు ఊరట కలగలేదు. కాలవలో మట్టం తగ్గితే ఆ నీళ్లెక్కడికి పోయాయని అడగడమే నా ఉద్యోగం. గట్టు తెగిందేమో, ఎవరైనా తూము తలుపు ఎత్తారేమో అని సైకిలేసుకుని వెళ్లి చూసివచ్చేవాణ్ణి. ఇంట్లో అంకె పడిపోతుంటే మాత్రం పక్కన టిక్కు పెట్టుకున్నాను.

ఇప్పుడు రెండు కంచాలూ నేనే పెడుతున్నాను. మొదటిరోజు ఆవిడ కూర్చోనే లేదు. "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను. పనమ్మాయి చూస్తే నవ్విపోతుంది."

"నవ్వనీ," అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అన్నంలో నెయ్యి వేయబోతే కంచం వెనక్కి లాక్కుంది.

"వద్దండి. ఆదివారం కాటా ఎక్కాలిగా."

చెల్లెలి కొత్త ఇల్లు ఆవిడకి గుర్తులేదు. గృహప్రవేశానికి వెళ్లామన్నదీ గుర్తులేదు. కాటా గుర్తుంది.

దాన్ని అటక మీద పెట్టేశాననీ, బరువు ఇక డాక్టరుగారే చూస్తారనీ చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "మీరు కోప్పడరుగా?" అంది.

కోప్పడనన్నాను. ఆ మాట పూటపూటా అడుగుతుంది, పూటపూటా చెబుతున్నాను. చెప్పి, ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా నేను అన్నం కలుపుకోను.